తడి దూది తూకం

మొదట బొగ్గుతో గీసినా.
గోడ మీద నీళ్లు నిలబడిన చోట
ఎన్ని సున్నాలు కొట్టినా పైకి ఊరే పసుపు గీత,
నా ఏడేళ్ల ఎత్తు కన్నా రెండు జానలు ఎక్కువ.
గీత వచ్చింది. నీళ్లు రాలేదు.

ఫోన్ పట్టుకుని హంద్రీ ఒడ్డున కూచున్నా.
అరగంట వీడియోలో
ఒక ఎనుము, రెండు కవర్లు, ఎండ.
కర్నూలును మింగింది ఇదేనంటే
ఎవరు నమ్ముతారబ్బా!

నాయన, దూదేకుల పీరయ్య,
నీ కూతురేం చేస్తాదని అడిగినోళ్లకు
"బొమ్మలు, శబ్దాలు, ఏందో కరెంటు పని" అంటాడు.
అబద్ధమేం కాదు.

ఆ అక్టోబరులో మిద్దె మీద మేము మూడు రాత్రులు.
కింద అంగట్లో దూది,
పెండ్లి పరుపులకు అడ్వాన్సు తీసుకున్న దూది,
మునుగుతా ఉండె.
నీళ్లు దిగినాక నాయన ఒక మూట ఎత్తబోయి
ఎత్తలేక
నవ్వినాడు.

పదహారేండ్లుగా ఆ నవ్వు కోసమే
ఈ వైర్లు, ఈ రంగులు, ఈ అప్పు.

మైకు పెట్టి, ఏకే విల్లు ఒక్కసారి మోగించు అన్నా.
అటక మీంచి దించినాడు. నారి సడలిపోయింది.
బిగించి, చెవికి ఆనించుకుని, మళ్లా బిగించి
ఠంయ్...
స్క్రీన్ మీద శబ్దం
కంపచెట్టు మాదిరి లేచి పడింది.
"ఇది వానకు ముందరిది పాపా,
తర్వాతది దీంట్లో ల్యాదు" అన్నాడు.

చీటీల కంపెనీ ఖాళీ చేసిపోయిన గది బాడుగకు తీసుకున్నా.
లైట్లు లేవు, బొమ్మలు లేవు.
ఎర్రగడ్డల మండీ నుంచి తెచ్చిన పాత కాటా,
పళ్లెం నిండా పొడి దూది,
పైన వేలాడే సెలైన్ బాటిల్.
చుక్క. చుక్క.
ముల్లు కదిలినప్పుడల్లా
స్పీకర్లో నారి ఒక మెట్టు దిగుతాది.

పదకొండు మంది వచ్చినారు.
ఒకాయన సెల్ టార్చి వేసి, దీంట్లో చూసేదేముంది అని పోయినాడు.
నాయన రాలేదు. దిండ్ల బేరం తగిలిందంట.

ముల్లు ఐదు కిలోలు దాటేదాకా
కదలకుండా నిలబడిన ఒకామె
పోతా పోతా అడిగింది:
"మాది పప్పుల అంగడి.
శనగపప్పు నాని, ఉబ్బి, రాత్రంతా
రేకు డబ్బాలు పగుల్తా ఉండె.
ఆ సప్పుడు దొరుకుతాదా పాపా, నీ దగ్గర?"

ఇంటికొచ్చి
నూనె డబ్బా నిండా పప్పు పోసి, నీళ్లు పోసి,
మూత బిగించినా.
మైకు ఆన్‌లో ఉంది.
రెండున్నర అయ్యింది.
ఇంకా ఏమీ ల్యాదు.