రెండు కూతలు

మా ఫ్యాక్టరీ సైరన్‌ది రెండు కూతలు.
పక్కవాళ్ళది ఒక్కటే, సాగదీసి.
పడవలు ఎప్పుడొస్తే అప్పుడే మాకు తెల్లవారేది.
అర్ధరాత్రి దాటాక కూసినా
మాటోసిన్యోష్ వీధుల్లో తలుపులు ఒక్కసారే తెరుచుకునేవి.
ఏప్రన్ ముడి వేసుకుంటూ, తలగుడ్డ పంటితో పట్టుకుని
అందరం పరుగే.
ఆలస్యమైనదానికి బల్ల లేదు,
బల్ల లేనిదానికి కూలి లేదు.

ఫెలిజ్మీనా అందరికన్నా దూరం నుంచి వచ్చేది,
అందరికన్నా ముందు వచ్చి నిలబడేది,
చెక్క చెప్పులు చేతిలో పట్టుకుని
తడి రాళ్ళ మీద ఉత్త కాళ్ళతో.
దానికి పరుగు అని ఒక పేరుందనీ
ఆ పేరుకి పందేలున్నాయనీ
మాలో ఎవరికీ తోచలేదు.

తోచింది మేస్త్రీ అబీలియుకి.
ఆయన దగ్గరో స్టాప్‌వాచ్ ఉండేది,
మేం సార్డీన్ల తలలు తుంచే వేగం కొలవడానికి.
డబ్బాకి ఇన్ని సెకన్లు. దాటితే జీతంలో కోత.
ఆ గడియారాన్నే ఒక ఆదివారం జేబులో వేసుకుని
సముద్రపు రోడ్డు మీద దీనికోసం కాచుకుని నిలబడ్డాడు.
మేం వేరే అనుకున్నాం.
వారం రోజులు నవ్వుకున్నాం కూడా.

మొదటి పందెంలో గెలిచింది ఇస్త్రీ పెట్టె.
రెండోదాంట్లో కుందేలు, బతికున్నది.
మూడోదాంట్లో మళ్ళీ ఇస్త్రీ పెట్టె.
అది నాకు అమ్మింది, సగం ధరకి.
తీగ మార్చాను గానీ, ఇప్పటికీ వేడెక్కుతుంది.

నలభై రెండు కిలోమీటర్లు ఆడ ఒంటికి పడవని
డాక్టరొకాయన రేడియోలో చెబుతున్నాడు.
పదకొండు గంటలుగా నిలబడి ఉన్నాం మేం,
ఉప్పునీళ్ళలో వేళ్ళు నానిపోయి.
ఫెలిజ్మీనా తలెత్తలేదు.
"ఆ లెక్కలు ఆయన్నే ఉంచుకోమను" అంది,
ఇంకో తల తుంచుతూ.

విమానమెక్కే ముందు రోజు
నిమ్మకాయలు రుద్దీ రుద్దీ చేతులు మండించుకుంది.
నీచు పోలేదు.
"ముందుంటే సరి, వాసన వెనకవాళ్ళ కర్మ" అని నవ్వింది.
ఆ చలి దేశంలో నాలుగోది.
మరుసటేడు మళ్ళీ నాలుగోది.
ఆ తర్వాత ఒకసారి రెండోది, పదకొండు సెకన్లలో.
పదకొండు సెకన్లంటే నాకు బాగా తెలుసు.
మూడు చేపలు.

మొదటిది ఎప్పుడూ రాలేదు.
ఇది కథ కాదు కదా, ఎక్కణ్ణుంచి తెచ్చిపెట్టను?

ముప్పై అయిదు దాటాక ఎలా ఉంటుందే అని అడిగాను.
"తల తీసేశారు, పేగులు తీసేశారు,
మిగిలినదాన్ని నూనెలో పరిచి మూత బిగించారు.
ఇక పరిగెత్తేది నేను కాదు" అంది.
మరి ఎవరు?
చెప్పలేదు. చాలా ఏళ్ళకి చెప్పింది.
మమ్మల్ని లెక్కపెట్టుకునేదట, బల్లల వరసలో,
అల్దీనా, జుదీత్, పెద్ద ఇర్మెలిందా, చిన్న ఇర్మెలిందా,
దగ్గుతూనే పాడే ఒటీలియా.
చివరి బల్లకొచ్చేసరికి ఒక కిలోమీటరు.
మళ్ళీ మొదటి బల్ల.

మోకాలు పోయిన ఏడే ఫ్యాక్టరీ మూతపడింది.
సైరన్‌ని పాత ఇనుముకి తూచారు.
ఇప్పుడక్కడ అద్దాల బాల్కనీలు,
చేపల వాసన పడని మనుషులు.

ఏటా పందెం మా వీధి మీదుగానే పోతుంది.
సరిగ్గా ముప్పై అయిదు దగ్గర
నీళ్ళ బల్ల వేసుకుని నిలబడతాం ఇద్దరం.
తడి స్పాంజీలు అది అందిస్తుంది,
ముఖాలు చూడదు, పాదాలు చూస్తుంది.
మొన్న ఒక పిల్ల ఆగిపోయింది,
పెదాలు ఉప్పు కట్టి, ఇంకెంత దూరమమ్మా అంటూ.
"ఇదిగో వచ్చేసింది" అన్నాం అందరం.
అందరూ అనేది అదే.

ఫెలిజ్మీనా ఆ పిల్ల మెడ మీద నీళ్ళు పిండి
"ఏడు కిలోమీటర్లు" అంది,
"పైన నూట తొంభై అయిదు మీటర్లు.
అబద్ధమాడితే కాళ్ళకి తెలిసిపోతుంది.
నీతో పనిచేసేవాళ్ళ పేర్లు తెలుసా?"
పిల్ల వింతగా చూసింది.
తర్వాత పెదాలు కదిపింది.
తర్వాత కదిలింది.