చూసిన పక్షి

కంభం చెరువులో మా లంక చిన్నది.
నాలుగు సీతాఫలం చెట్లు, ఒక వరస కానుగలు,
ఎవరో ఆఫీసరు భార్య ముచ్చటపడి నాటించిన కాగితప్పూల తీగ,
ఇనప మెట్ల మంచె ఒకటి.
బోర్డు మీద తోట అని రాశారు కాబట్టి
నేను తోటమాలిని.
పడవ తోసేటప్పుడు పడవవాణ్ణి.
దుర్భిణి మెడకు తగిలిస్తే గైడును.
జీతం మాత్రం ఒకటే.

వచ్చేవాళ్ళు ఆదివారం వస్తారు,
పిట్టలు మేసి సద్దుమణిగాక, పదకొండింటికి,
ఎర్రచొక్కాలతో, పులిహోర పొట్లాలతో.
దిగీ దిగగానే అడుగుతారు:
"ఫ్లెమింగోలు యాడ?"
అవి సూళ్ళూరుపేట పక్కన, ఉప్పునీళ్ళలో ఉంటాయి,
ఇక్కడికి రావు అంటే
టిక్కెట్టు డబ్బులు నేను తిన్నట్టు చూస్తారు.

నేను చూపించగలిగింది గుడ్డికొంగ.
"అదుగో, ఆ రాయి పక్కన."
"రాయేగా అది."
"రాయి కాదు, పక్కన."
"మట్టేగా."
విసుగొచ్చి అదే లేస్తుంది.
మట్టిలోంచి రెండు తెల్లటి రెక్కలు.
అందరూ ఒక్కసారి అబ్బా అంటారు,
ఫోను తీసేలోపు మళ్ళీ మట్టి.
ఇద్దరిలో గుడ్డి ఎవరో
పేరు పెట్టినవాళ్ళు సరిగ్గా కనుక్కోలేదు.

పోయేటప్పుడు రిజిస్టరు.
పేరు, ఊరు, చూసిన పక్షి. మూడు గళ్ళు.
గిద్దలూరు పెళ్ళివారు నెమలి అని రాసిపోయారు.
ఈ లంకలో నెమలి లేదు.
గూడబాతును చూసి ఒక పిల్లకాయ
డైనోసారు అని రాశాడు. వాడే నయం.

మంచె కింద పలక వేలాడుతుంటుంది,
మార్కాపురం పలక, చెక్క చట్రం ఊడిపోయింది.
పొద్దున్నే దానిమీద లెక్క రాస్తాను:
నీరుకాకులు నలభై.
పాముమెడ పిట్ట ఒకటి.
బొల్లికోళ్ళు చాలా.
ఎర్రచిలువలు రాత్రి మేతకు పోయినవి ఇంకా రాలేదు.
సాయంత్రం తుడిచేస్తాను.
నేను మరిస్తే మంచు తుడుస్తుంది.

ఒక మంగళవారం, ఎవరూ రాని రోజు,
ఒక్కతే వచ్చింది పెద్ద ఓబులమ్మ.
పలకల ఫ్యాక్టరీలో ఇరవై రెండేళ్ళు.
గోళ్ళ కింద బూడిదరంగు,
మాటకూ మాటకూ మధ్య దగ్గు.
మార్కాపురంలో ఎక్స్‌రే మిషను చెడిపోయిందని
కంభం పంపారంట,
కాగితం సాయంత్రం ఇస్తామన్నారంట.
"అందాకా బస్టాండులో యాడ కూచునేది?"

దుర్భిణి ఇస్తే తిరగేసి పట్టుకుంది.
సరిచెయ్యబోయాను.
"ఉండు నాయనా, ఇట్టాగే బాగుండాది.
అన్నీ దూరంగా బోయినాయి."
నల్లమల కొండలు, కట్ట మీద లారీలు,
ఆస్పత్రి నీళ్ళట్యాంకు
చిటికెనవేలి గోరంత అయ్యుంటాయి.

ఎండిన తుమ్మకొమ్మ మీద నీరుకాకి
రెక్కలు బార్లా చాపి నిలబడింది.
"అదేంది, ఎవురినో అడ్డం కొట్టినట్టు?"
ఆరబెట్టుకుంటా ఉందమ్మా,
మునిగిన ప్రతిసారీ దానికి ఇదే పని అన్నాను.
దుర్భిణి దించి ఉత్త కళ్ళతో చూసింది.
ఎంతసేపో.
అది కదల్లేదు.
ఆమె దగ్గలేదు.

దిగేటప్పుడు పలక దగ్గర ఆగింది.
నా నలభై నీరుకాకుల్ని ముట్టుకోకుండా
కింది మూలను బొటనవేలితో తడిమింది.
"ఇది నేను అరగదీసిన మూలే.
మిగతావాళ్ళు సూదిగా వదిలేస్తారు,
పిల్లోళ్ళకి గుచ్చుకోదా?"
లక్ష పలకల్లో ఇదేనని ఎట్లా తెలుసంటే
"అంత దూరాన ముక్కు జూసి
నువ్వు పిట్ట పేరు చెప్పలా?"

రిజిస్టరు ముందు పెట్టాను.
"నువ్వే రాయి. పలక మీద గీతలు కొట్టేదే నాకొచ్చు,
మధ్యన రాసేది రాదు."
పేరు రాశాను. ఊరు రాశాను.
మూడో గడికి ఏం చెబుతుందా అని చూస్తే
మంచె వైపే చూస్తా ఉంది.
"అది ఆరిందో లేదో, ఇంకా తెలీలా.
ఖాళీగా పెట్టు."

ఆమెను ఒడ్డున దింపి వచ్చి
పలక తుడుస్తుంటే
మూల దగ్గర నా చెయ్యి నిదానించింది.
అప్పుడొచ్చాయి ఎర్రచిలువలు,
ఈలలు వేసుకుంటా, కానుగల మీదుగా, గుంపుగా.
చీకటి.
లెక్కపెట్టలేదు.