జాయింట్ ఫొటో

వారమంతా మనుషుల్ని తెల్లగుడ్డ ముందు కూర్చోబెట్టి
గడ్డం కొంచెం పైకి, చెవులు కనపడాలి,
నవ్వొద్దు, అంటుంటాను.
మెట్టుగూడలో, రోడ్డుకి రెండు మెట్లు దిగువన మా స్టూడియో.
ఎనిమిది కాపీలు, ఎనభై రూపాయలు.

ఆదివారం తెల్లారగానే స్కూటరు తీసి మౌలాలి పోతాను.
అక్కడ ఎవరికీ ఏమీ చెప్పక్కర్లేదు.
గూడ్సు బండి గడ్డం ఎత్తదు, దించదు.
దాని మానాన అది వస్తుంది,
రామగుండం బొగ్గు కుప్పలు కుప్పలుగా,
తాండూరు సిమెంటు ఒళ్లంతా బూడిదై,
చర్లపల్లి దిక్కు నుంచి ఖాళీ ట్యాంకర్లు
కుళాయి దగ్గర బిందెల్లా ఒకదాన్నొకటి తోసుకుంటూ.

దానికి టైముండదు. అనౌన్సుమెంటులో పేరుండదు.
ఎక్స్‌ప్రెస్సులన్నీ దాటిపోయేదాకా
పక్క లైన్లో నిలబెడతారు.
నాకు అదే కలిసొస్తుంది:
బండి అక్కడే ఉంటుంది, ఎండ మారుతుంది,
తుప్పు మొదట ఇటుక రంగు, తర్వాత బెల్లం రంగు.

బ్రిడ్జి మీద ఇనుప జాలీ.
ఒకచోట ఎవరో వంచిపెట్టారు, సరిగ్గా లెన్సు పట్టేంత.
ఆ మహానుభావుడెవరో.
ఒకసారి కానిస్టేబుల్ ఆపి
"గూడ్సుల ఏముంది ఫొటో తియ్యనీకి?" అన్నాడు.
ఇప్పటికీ జవాబు దొరకలేదు.

డబ్బాలు లెక్కపెడతాను. యాభై ఆరు, యాభై ఏడు, యాభై ఎనిమిది.
చివర బ్రేకు వ్యాను, అందులో ఒక మనిషి.
ఈమధ్య కొన్ని బండ్లకి ఆ మనిషి లేడు,
ఆఖరి కొక్కేనికి ఎర్రగా మిణుకుమనే పెట్టె ఒకటి.

ఒకాయన మాత్రం నాలుగేళ్లలో పదకొండుసార్లు దొరికాడు.
కాళ్లు ఎడంగా పెట్టి నిలబడి,
చంకలో ఆకుపచ్చ జెండా,
మొహం పెసరగింజంత.

మొన్న గురువారం ఒక జంట మెట్లు దిగింది.
పెన్షన్ కాయితాలకి జాయింట్ ఫొటో కావాలి.
ఆయన చేతులు ఎక్కడ పెట్టాలో తెలియక తడుముకున్నాడు.
చేతులు రావు సార్, భుజాల దాకే, అన్నాను.
స్టూలు మీద కూర్చున్నాడు,
కదిలే స్టూలైనట్టు కాళ్లు ఎడంగా పెట్టి.
అప్పుడు పట్టుకున్నాను.

పి. ఎలీషా, ట్రైన్ మేనేజర్, అని ఫారంలో ఉంది.
"గార్డునే. పేరు మార్చిన్రు, డబ్బా మార్చలే," అన్నాడు.

కంప్యూటర్లో పదకొండూ తెరిచాను.
ఆయన తనని చూసుకోలేదు.
వ్యాగన్లు చూశాడు.
"ఇది బీబీనగర్ల తొమ్మిది గంటలు నిలబెట్టిన బండి,"
"ఇది చక్రం వేడెక్కి ఘట్‌కేసర్ల ఆగింది,"
మనవళ్ల పేర్లు చెప్పినట్టు చెప్పుకుపోయాడు.

సుగుణమ్మ నా చేతిలోంచి మౌసు తీసుకుంది.
పెద్దది చేసింది. ఇంకా పెద్దది.
"ఇండ్ల ఫ్యాను లేదా?"
"లేదు."
"లైటు?"
"టార్చి ఉంటది."
"మరి బాత్రూము?"
ఆయన గోడ మీది పెళ్లి ఆల్బమ్ పోస్టరు చూస్తున్నాడు.

"ఇంటికొచ్చినంక చెంబు మీద చెంబు తాగుతుండె.
బండి మీద నీళ్లు దొరకవేమో అనుకున్న ఇన్నేండ్లు,"
అంది, నాతో కాదు, తెరతో.

జాయింట్ ఫొటో తీశాను.
గడ్డం పైకి అన్నాను, చెవులు అన్నాను,
నవ్వొద్దని చెప్పాల్సిన పని పడలేదు.
క్లిక్ ముందు ఆమె తన స్టూలు జానెడు ఇటు జరుపుకుంది,
ఫ్రేము చెడి, మళ్లీ సరిచేసుకోవాల్సి వచ్చింది.

పోయేటప్పుడు ఆ పదకొండులో ఒకటి అడిగింది,
గోడకి పెట్టేంత.
అంత పెద్దగా చేస్తే మొహం పగులుతుందమ్మా, అన్నాను.
పగలనీ, అంది.

ఆయన చిల్లర లెక్కపెట్టుకుని
మెట్టు మీద ఆగి, కుడివైపు చూసి, ఎడమవైపు చూసి,
అప్పుడు దిగాడు రోడ్డు మీదికి.

ఈ ఆదివారం మౌలాలి పోలేదు.
పెసరగింజని పళ్లెమంత చేస్తూ కూర్చున్నాను.
అక్కడ ఏ బండి పోయిందో, ఎన్ని డబ్బాలో,
చివర ఎవరున్నారో.