సున్నాలు వేసిన రాత్రి

నేను వంటమనిషిని. నాకు పిండి తెలుసు, ఉప్పు తెలుసు,
అడుగంటిన గిన్నెని ఎంతసేపు నానబెట్టాలో తెలుసు.
ఆఫీసు గదిలో ఉన్న పెట్టె సంగతి మాత్రం
దుల్మా చెబితేనే తెలిసింది.

పద్నాలుగేళ్ళ పెట్టె. మూలుగుతూ లేచేది,
మా బాయిలరు కన్నా ఆలస్యంగా వేడెక్కేది.
ఉలాన్‌బాతర్‌లో మా గేటుకి బోర్డు ఉండదు.
అర్ధరాత్రి, ఇంట్లో తిరిగే చెప్పులతోనే
మంచులో నడిచి వచ్చినవాళ్ళ పేర్లు
ఆ పెట్టెలో ఉండేవి:
ఎవరు, ఏ వీధి నుంచి, ఎవరి చేతి నుంచి,
ఇక్కణ్ణుంచి ఏ ఊరికి.
ఆ చివరి గడి కోసం
బయట కొందరు మగాళ్ళు ఇంకా వెతుకుతూనే ఉన్నారు.

కొత్తది వచ్చింది. ఉంచాల్సినవి దాంట్లోకి మార్చి తాళం వేశారు.
పాతది బడికిద్దామన్నారు పైవాళ్ళు.
దుల్మా అన్నీ చెరిపింది, చెత్తబుట్ట కూడా ఖాళీ చేసింది,
చేతులు దులుపుకుని టీకి వచ్చింది.
నారన్‌తూల్ బజారులో పాత ఫోన్లు బాగుచేసే గాన్‌జోరిగ్
ఆ పెట్టె ముందు కూర్చుని
ఆమె రెండో కప్పు అయ్యేలోపు
పేర్లన్నీ వెనక్కి తెచ్చాడు.

ఆమె మొహం చూడలేక నేను పొయ్యి వైపు తిరిగాను.
"అక్కా, మీరు పీకింది ఇంటి నంబరు రేకు.
ఇల్లు అలాగే ఉంది. లోపల మనుషులు
పొయ్యి రాజేసుకునే ఉన్నారు" అన్నాడు మెల్లగా.

మరేం చెయ్యాలి?
గోడకి సున్నం వేసినట్టు
ప్రతి గడికీ సున్నాలు వెయ్యాలట,
ఈ మూల నుంచి ఆ మూలకి, అంగుళం వదలకుండా.
కొత్త రకం వాటికి ఈ సున్నం సరిగా పట్టదట, వాటి దారి వేరట.
దీనికి పడుతుంది. పాతకాలపు గోడలు.

సాయంత్రం ఆరింటికి మొదలైంది.
ఎనిమిదింటికి పావువంతు.
దుల్మా కుర్చీ వదల్లేదు.
"ఇప్పుడు ఎవరి వంతు?" అనడిగాను.
"నాకేం తెలుసు. అది మనుషుల్ని చూడదు" అంది.
అయినా మేమిద్దరం చూశాం.
కుట్టుమిషను ఎత్తుకుని వచ్చినామె.
మూడుసార్లు వెళ్ళి నాలుగుసార్లు వచ్చినామె.
పేరడిగితే పిల్లాడి పేరు చెప్పినామె.
ఎవరికి చారు పలచగా పోశానో,
ఎవరికి అడుగున మాంసం ముక్క దాచి పెట్టానో
అన్నీ గుర్తొచ్చాయి.
నా బుర్రకి సున్నం వేసేవాళ్ళు లేరు.

పదకొండింటికి, అరవై మూడు దగ్గర, కరెంటు పోయింది.
ఈ ఊళ్ళో చలికాలమంటే అంతే.
కొవ్వొత్తి వెలుగులో దుల్మా ఒక బూతు మాట అంది.
పద్నాలుగేళ్ళలో ఆమె నోట అదే మొదటిది.
కరెంటొచ్చాక
మళ్ళీ ఒకటి నుంచి.

తెల్లారాక గాన్‌జోరిగ్ డ్రిల్లు పట్టుకొచ్చాడు.
"సున్నం చాలదా?"
"చాలు. ఇది మీ నిద్ర కోసం."
డిస్కు విప్పాడు. అయస్కాంతం ముక్కలు రెండు ఊడదీసి
నా చేతిలో పెట్టాడు. తర్వాత మూడు చిల్లులు.
గదంతా లోహం కాలిన వాసన.

పెట్టె డిస్కు లేకుండా బడికి పోయింది.
చిల్లుల బిళ్ళ తుక్కు బండి ఎక్కింది.

మా దగ్గర ప్రయాణమయ్యేవాళ్ళ వెనక
పాలు చల్లుతాం, క్షేమంగా తిరిగి రమ్మని.
ఈ గేటు దాటిన ప్రతి మనిషికీ చల్లాను,
ఇక్కడికి కాకపోయినా
ఎక్కడో ఒక ఇంటికి చేరమని.
బండి కదిలింది. అలవాటుగా నా చెయ్యి
గరిటె అందుకుంది.
దుల్మా నా మణికట్టు పట్టుకుంది.

ఆ పాలు టీలో పోశాను.

అయస్కాంతం ఇప్పుడు ఫ్రిజ్ తలుపు మీద
సరుకుల చీటీని పట్టుకుని ఉంది:
పిండి, ఉప్పు, కొవ్వొత్తులు.
ఒంటిచేత్తో లాగితే రాదు.