చెడిన శుభలేఖ వెనక

పోయిన మాఘంలో
బొక్కసం వారి పెండ్లిలో కావత్తు ఒకటి జారిపోయి
మూడొందల కార్డులు మిగిలినాయి నాకు.
వెనకంతా తెల్లగానే ఉంది కదా అని
ఒకదాని మీద రాస్తా ఉండాను:
ప్రాసెసరు, బోర్డు, ర్యాము, డిస్కు, డబ్బా.
పైన ముప్పై ఎనిమిది వేలు అని వేసి
దాని కింద రెండు గీతలు కొట్టినాను.

పాతది మంగళవారం పొద్దున చచ్చింది.
మూత ఇప్పితే చీమలు.
మా వీధి చివర బెల్లం మండీ.
బండి దిగిన ప్రతి దిమ్మె నుంచీ ఒక దారి
నా అంగడిలోకే వస్తాది.
పదకొండేండ్లు ఆ వెచ్చదనంలో
గుడ్లు పెట్టుకుని కాపరం చేసినాయి,
పైన నేను చిత్తూరందరి పెండ్లిండ్లు కొడతా ఉంటే.

జిలానీకి ఇరవై రెండు.
స్క్రూడ్రైవరు చెవి మీద పెన్సిలు మాదిరి పెట్టుకుంటాడు.
"ఆరు కోర్లది తీసుకోండి మేడమ్."
ఆరెందుకురా, నాకుండేది రెండు చేతులే.
"మా అబ్బా వలీమాకి ఆరు పొయ్యిలు రాజేస్తాడు.
ఒకదాని మీద దాల్చా మాడినా
తక్కినవి ఆగవు కదా."
దాల్చా పేరు చెప్పి రెండు వేలు ఎక్కించినాడు.
ఒప్పుకున్నాను.

ర్యామంటే ఏందో కూడా చెప్పబోయినాడు,
కరెంటు ఉన్నంతసేపే గుర్తంట, పోతే ఏమీ తెలీదంట.
తెలుసులే నాయనా.
ప్రూఫు చూసి, సంతకం పెట్టి,
అచ్చయినాక "మేమెప్పుడు చెప్పినాం" అనేవాళ్లు
వారానికి ఇద్దరొస్తారు.
పదహారు జీబీ వెయ్యి.

మదర్‌బోర్డు కాడ మాత్రం నిలబడినాను.
"తల్లి మంచిదైతేనే గదా మేడమ్" అని మొదలుపెట్టినాడు.
తల్లి అనే మాట పడితే బేరం మరిచిపోతారని
ఈ వ్యాపారంలో ఎవడో కనిపెట్టినట్టుండాడు.
ఐదొందలు తగ్గించినాక కూడా
తల్లి తల్లి మాదిరే ఉంది.

గ్రాఫిక్స్ కార్డు అద్దాల బీరువాలో ఉంది,
మూడు ఫ్యాన్లు, నెమలి మెడ రంగు లైటు.
చూసినాను. అబద్ధమెందుకు, చాలాసేపే చూసినాను.
దాన్ని ఆడనే వదిలి
ఎవరికీ కనపడని పవర్ సప్లైలో పోసినాను డబ్బులు.
జూన్‌లో గుజ్జు ఫ్యాక్టరీలు తిరిగేటప్పుడు
మా సంతపేటలో బల్బు గుడ్లు తేలేస్తాది.
మామిడికాయలకి నా ఫైళ్ల మీద జాలేముంటాది.

పాత డిస్కు బతికే ఉంది.
దాంట్లోది కొత్తదానికి పోయడానికి ఒక రేత్రి పట్టింది.
గీత నిండతా ఉంటే పేర్లు పోతా ఉండాయి,
ఒక ఫోల్డర్లో లగ్నపత్రిక,
ఇంకో ఫోల్డర్లో అదే మనిషి పెద్దకర్మ.
రెండూ నేను కొట్టినవే.
అంచు మాత్రం మార్చినాను.

ఇంక డబ్బా. ఈడనే పొద్దుపోయింది మాకు.
గాలాడాలంటే బొక్కలుండాల,
బొక్కలుంటే చీమలొస్తాయి.
మూసిన డబ్బా మా ఎండకి కొలిమి.
తెరిచిన డబ్బా బెల్లం మండీకి పక్కవాకిలి.
జిలానీ దోమతెర అన్నాడు, ఫిల్టరన్నాడు,
ఫోన్లో ఎవరో రష్యావాడి వీడియో చూపించినాడు.
ఆ రష్యావాడికి బెల్లం చీమ తెలుసా?

మా అవ్వ అత్తిరసాల డబ్బాను
నీళ్లు పోసిన పళ్లెంలో నిలబెట్టేది.
నాలుగు కొబ్బరిచిప్పలు తెచ్చి
టేబులు కాళ్లకి ఒకొక్కటి పెట్టినాను.
"కరెంటు సామాను కింద నీళ్లా మేడమ్!"
సామాను కింద కాదు, కాళ్ల కింద.
వాడు నవ్వినాడు. తర్వాత నవ్వు ఆపి,
గోడ దాకా వేలాడే వైరును చూపించినాడు.
ఇద్దరం కాసేపు ఏమీ మాట్లాడలేదు.

స్క్రీను వెలిగినాక
నేను కొట్టింది నా పేరు కాదు.
బొక్కసం.
కావత్తు దాని తావులో అది కూర్చుంది.
జిలానీ బిల్లు రాస్తా ఉండాడు.
వైరు మీద, సగం దూరంలో, ఒక చీమ
ఆగి మీసాలాడిస్తా ఉంది.