కాడెత్తిన మడి

పాలకూర కాడెత్తిందంటే
పీకి పారెయ్యమంటరు అందరు.
ఆకు చేదెక్కుతది, కట్ట కట్టరాదు,
లక్ష్మీపురం మార్కెట్ల ఎవ్వరు మొఖం జూడరు.
నేను మాత్రం మాఘమాసం పొద్దుల్ల
గట్టు మీద కూసోని
కాడలు లెక్కవెడుత.

నలభై.
నలభైకి తక్కువైతే నిద్ర పట్టది.

ఇరవై ఆరేండ్లు పరకాల డిపోల కండక్టర్ను.
చిల్లర లేదంటే జనం మీదవడేటోళ్ళు గని
ఇత్తనం అడిగితే ఒక్కరు కాదనలే.
రేగొండ స్టేజి కాడ ఎక్కిన ముసలామె
కొంగుముడి ఇప్పి పిడికెడు పోసింది,
ఆకు సన్నం గని ఎండకు ఆగుతదని.
ములుగు హలీమాబీ ఇచ్చింది ఎర్రకాడ.
జమ్మికుంట పోశాలుది మహా తొందరది,
నాలుగు కోతలకే కాడెత్తుతది;
తిట్టుకుంటనే తాతలకాన్నుంచి దాసుకుంటుండ్రట.
అన్నీ టికెట్ కాగితాలల్ల పొట్లం గట్టి
బ్యాగుల చిల్లర అరల ఏసేది.
మా డ్రైవర్ ఓదెలు నవ్వేటోడు:
"అక్కా, ఇత్తులకు గూడ టికెట్ కొట్టినవా?"
"ఆఫ్ టికెట్," అనేదాన్ని.

పాలకూర పువ్వును చూసినోళ్ళు తక్కువ.
చూడనీకి ఏముంది, పచ్చటి దుమ్ము.
వాసన లేదు, ఈగ వాలది.
గాలొచ్చి ఒకదాని దుమ్ము ఇంకోదాని మీద చల్లిపోతది.
తన దుమ్ము తనకు అక్కెరకు రాదు,
పక్కదానిది కావాలె.
ఒంటికాడ ఎంత బలంగ నిలవడ్డా
గింజ పొల్లు.

ఇది నాకు ఆలిశంగ తెలిసింది.
కొలువు దిగిన యాడాది సోకుకు పోయిన.
ఎడల్పు ఆకు, నిగనిగ. ఆరు మొక్కలు ఏరి ఉంచి
మిగిలినయన్ని పప్పుల ఏసుకున్న.
మల్లేడు ఆ ఆరింటి పిల్లలల్లకెల్లి నాలుగు.
హనుమకొండ కాలనీలోళ్ళు మడి పక్కన నిలవడి
ఫోటోలు దిగిపోయిండ్రు.
మూడో ఏడు
సగం మొలవలే.
మొలిచినయి గూడ
జరమొచ్చి లేసిన పిల్లల్లెక్క పాలిపోయినయి.
బూడిద చల్లిన, ఎరువు మార్చిన,
ఊకె ఉన్న బోరునీళ్ళను తిట్టిన.
మందుల దుకాణం రాజమౌళి
రంగుల ప్యాకెట్ చేతుల పెట్టిండు:
"తీస్కపో అమ్మా, అన్నీ ఒక్కతీరు ఎళ్తయి."
ఒక్కతీరు.
ప్యాకెట్ మల్ల బల్ల మీద పెట్టిన.

బస్సెక్కిన, ఈపారి సీటుల కూసోని.
రేగొండ ముసలామె లేదు.
కోడలు సారవ్వ దూలానికి ఏలాడుతున్న సొరబుర్ర దించింది.
అడుగున రెండు పొట్లాలు.
ఒకటి వాళ్ళది.
రెండోదాని మీద రాత నాదే:
"ములుగు ఎర్రకాడ. చలిల ఎయ్యాలె."
ఇచ్చిన యాది గూడ లేదు నాకు.
ఇంట్ల డబ్బాల దాసింది ఎప్పుడో పురుగువట్టింది.

గింజ మిరియమంత, గరుకు.
రాత్రి నానేసి, తెల్లారి ఇసుకల కలిపి చల్లిన.
ఒక్క గింజ అంటం గని
దాంట్ల ఇద్దరో ముగ్గురో ఉంటరు,
భుజాలు ఒరుసుకుంటనే లేస్తరు.
పలుచన చెయ్యాలె.
ఏది పీకాలెనో తెల్వక
శానసేపు కూసున్న.

ఇప్పుడు మడి చూస్తే అంత సక్కగ ఉండది.
ఒకటి పొట్టి, ఒకటి ఎర్ర,
జమ్మికుంటది పుష్యం దాటకముందే మెడ చాపింది.
పొద్దున నర్సంపేటకెల్లి ఒక పిల్ల వచ్చింది,
మిద్దె మీద తొట్లల్ల పెట్టుకుంటదట,
"మంచియి ఏరి ఇయ్యి పెద్దమ్మా" అన్నది.
ఏరలే.
పిడికిలి నిండ ఎట్ల వస్తే అట్ల పోసిన.
"తొట్లల్ల గాదు బిడ్డా, ఇంత మన్ను చూసుకో.
నలభైకి తగ్గకు.
నాకు కరువైతే మీ ఇంటికే వస్త."

పొట్లం గట్టి పంపినంక
పాత వేబిల్లు తిరగేసి రాసుకున్న
తారీకు, పిల్ల పేరు,
ఇత్తనం ఏ స్టేజిల దిగిందో.