పద్నాలుగు

ఫారంలో ఆరో ప్రశ్న:
గతంలో కుక్కలతో అనుభవం ఉందా?
ఉందని టిక్కు పెట్టాను.
ఎలాంటిదో రాయడానికి వాళ్ళు చోటివ్వలేదు.

సామర్లకోట రైల్వే క్వార్టర్లు. నాకు ఏడేళ్ళు.
చేతిలో సగం కొరికిన జామకాయ.
వెనక్కి తిరిగి పరిగెత్తడమే నేను చేసిన తప్పు.
కుడి పిక్కలో నాలుగు పళ్ళు,
బొడ్డు చుట్టూ పద్నాలుగు సూదులు, రోజుకొకటి.
కాంపౌండరు ధాన్యం కొలిచినట్టు లెక్కపెట్టేవాడు:
మొదటి రోజు లాభం, మర్నాడు రెండు.
పిల్లాడు ఏడుస్తాడని ఏడు అనకుండా
ఆరున్నొక్కటి అన్నాడు.
అయినా ఏడ్చాను.

ఇప్పుడు బల్లరాట్, జూలై.
రేకుల షెడ్డులో బ్లీచు వాసన, తడి దుప్పట్ల వాసన.
ప్రతి బోనులోంచీ ఒక నోరు కంచె మీదకి దూకుతోంది.
మృదుల చెయ్యి నేను పట్టుకున్నానో
నా చెయ్యే అది పట్టుకుందో.
చివరి బోనులో ఒకతి గోడకేసి తిరిగి కూర్చుంది.
మాకు వీపు చూపించింది అదొక్కటే.
ఇది, అన్నాను.
నాన్న మనసు ఎంత మెత్తనో అనుకుంది మృదుల.
పళ్ళు కనపడలేదని నా సంతోషం.

ఎనిమిది నెలలదట.
క్రెజిక్ దాటాక ఎవరిదో గేటుకి
గడ్డిమోపుల తాడుతో కట్టేసి పోయారట.
మెడ చుట్టూ వెంట్రుక మొలవని గీత.
"పద్నాలుగు రోజులు చూడండి,
కుదరకపోతే తెచ్చేయండి, తప్పేం లేదు"
అంది గ్లెనిస్, బురద బూట్లు నేలకి రాస్తూ.
నవ్వాను. ఎందుకో చెప్పలేదు.

వాషింగ్ మెషీనుకీ గోడకీ మధ్య
జానెడు సందులో కాపురం పెట్టింది.
మొదటి రాత్రి షిఫ్టు దిగొచ్చి బెల్టు విప్పాను.
బకిల్ చిన్నగా గలగలమంది, అంతే.
మెషీను కిందనుంచి సన్నటి ధార
నా మేజోడు దాకా వచ్చింది.

కోపం రాలేదు.
ఒక్కో ఒంటికి ఒక్కో చప్పుడు గుర్తు.
నాకైతే గచ్చు మీద గోళ్ళ టకటక.

తెల్లారేసరికి బెల్టు కారు డిక్కీలోకి వెళ్ళింది.
నలభై తొమ్మిదేళ్ళ వాణ్ణి,
నాడా బిగించుకుని
బంగాళాదుంపల ఫ్యాక్టరీకి పోతున్నాను.
రత్నప్రభ చూసి ఏమీ అనలేదు,
పాత చీర అంచు చించి ఇంకో నాడా కుట్టింది.

గ్లెనిస్ చెప్పిన మందు ఒకటే:
దాన్ని చూడకండి. వీపు పెట్టి కూర్చోండి.
కుక్కకి వీపా!
నలభై రెండేళ్ళుగా ఏ కుక్కకీ ఇవ్వనిది.
అయినా రోజూ భోంచేశాక
బోర్లించిన బకెట్ మీద కూర్చుంటున్నాను,
సూపర్‌మార్కెట్ కరపత్రంలో
గొర్రెమాంసం ధరలు చదువుతూ.

పదకొండో రాత్రి.
పైకప్పు రేకు చలికి టిక్కుమంటోంది.
వెనక, టక్.
చాలాసేపు ఏమీ లేదు.
మళ్ళీ, టక్. టక్.
పిక్క రాయైంది.
బకెట్ అంచు రెండు చేతులా పట్టుకున్నాను.
తడి ముక్కు,
ఎవరు చెప్పారో, సరిగ్గా ఆ మచ్చ మీదే.

లాభం, అన్నాను పైకి.
రెండు.
మూడు.
నాలుగు దగ్గర వేడి ఊపిరి.
అయిదు.
ఆరు.
ఆరున్నొక్కటి దగ్గర
అది ఆవులించింది, నోరంతా తెరిచి, చేపల కంపుతో.
తర్వాత నా మడమ మీద ఒక గడ్డం బరువు.

లైటు తీసెయ్యనా నాన్నా, అంది మృదుల గుమ్మంలోంచి.
ఉండనీ, అన్నాను కదలకుండా.

కాలు తిమ్మిరెక్కింది.
ఎనిమిది అనలేదు.